రికార్డు అట్ట మీద చోటు దొరకని పేర్లు

పాతకాలపు రాక్, సోల్ ఆల్బమ్‌ల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలోంచి ఈసారి ఎనిమిది ప్రశ్నలు తీసుకున్నాను. ఒకరినొకరు ఎరగని ఎనిమిదిమంది రాసినా, దాదాపు అందరూ ఏదో ఒక దారిన ఒకే చోటికి వచ్చారు: అట్ట మీద ఫొటో ఉన్న మనిషి పాడుతుంటే, పక్కన వాయించినవాళ్ళు ఎవరు? ఇన్నేళ్ళుగా ఈ రికార్డులు వింటున్న నాకు కూడా అన్నిటికంటే ఎక్కువ ఆసక్తి కలిగించే సంగతి అదే. అందువల్ల కొన్ని జవాబులు చాలా దూరం వెళ్ళాయి, కొన్నిటికి నాలుగు మాటలే సరిపోయాయి.

ప్రశ్న: సోల్ సంగీతం, రాక్ సంగీతం అని రెండుగా చెబుతారు. నాకు మాత్రం రెండింటిలోనూ అవే గిటార్లు, అవే డ్రమ్స్ వినిపిస్తున్నాయి. అసలు తేడా ఎక్కడుంది?

జవాబు: మీరు సరిగ్గానే విన్నారు. రెండూ ఒక తల్లి బిడ్డలే. 1940ల నుంచి అమెరికా నగరాలలో నల్లజాతివారు వాయిస్తూ వచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ ఆ తల్లి. దానికి దక్షిణాది తెల్లవారి కంట్రీ పాటల పోకడ తోడైనప్పుడు రాక్ అండ్ రోల్ పుట్టింది; నల్లజాతివారి చర్చిలలో వినిపించే గాస్పెల్ గానపు ఆవేశం తోడైనప్పుడు సోల్ పుట్టింది. 1954లో రే చార్లెస్ ఒక గాస్పెల్ పాట బాణీని తీసుకుని, దేవుడున్న చోట ప్రేయసిని నిలబెట్టి ‘ఐ గాట్ ఎ ఉమన్’ పాడినప్పుడు, అది అపచారమని బాధపడిన భక్తులు ఉన్నారు. కానీ ‘సోల్ స్టిరర్స్’ అనే గాస్పెల్ బృందంలో పేరు తెచ్చుకున్న శామ్ కుక్ కూడా కొద్ది ఏళ్ళకే అదే దారి పట్టాడు. వినేటప్పుడు ఒక గుర్తు పెట్టుకోండి: సోల్ రికార్డులో వాద్యాలన్నీ గొంతుకు దారి ఇస్తాయి, రాక్ రికార్డులో గిటార్ గొంతుతో సమానంగా నిలబడి వాదిస్తుంది. దీనికి మినహాయింపులు బోలెడన్ని ఉన్నా, మొదలుపెట్టడానికి ఈ గుర్తు పనికివస్తుంది.

ప్రశ్న: అరీథా ఫ్రాంక్లిన్ కొలంబియా సంస్థలో ఆరేళ్ళు పాడినా రాని పేరు, అట్లాంటిక్ సంస్థకు మారిన కొద్ది నెలలకే ఎలా వచ్చింది? గొంతు అదే కదా?

జవాబు: గొంతు అదే. మారింది గది, ఆ గదిలో ఆమె కూర్చున్న చోటు. కొలంబియాలో ఎక్కువగా ఆమె చేత పెద్ద వాద్యబృందాల ముందు పాత నాటకాల పాటలు, జాజ్ పాటలు పాడించారు. వాటిలో మంచివి లేకపోలేదు, నేను ఇప్పటికీ కొన్నిటిని ఇష్టంగా వింటాను. కానీ ఆమె చిన్నతనం నుంచీ డెట్రాయిట్‌లో తండ్రి బోధకుడుగా ఉన్న చర్చిలో పియానో వాయిస్తూ పాడిన మనిషి. ఆమె చేతులూ గొంతూ ఒకే ఊపిరితో నడుస్తాయి. అవి విడిపోతే పాటలో ఏదో వెలితి మిగులుతుంది. అట్లాంటిక్ నిర్మాత జెర్రీ వెక్స్లర్ చేసిన గొప్ప పని ఆమెను మళ్ళీ పియానో ముందు కూర్చోబెట్టడమే.

1967 జనవరి 24న ఆయన ఆమెను అలబామా రాష్ట్రంలోని మసిల్ షోల్స్ అనే చిన్న ఊరికి, రిక్ హాల్ నడుపుతున్న ఫేమ్ స్టూడియోకు తీసుకువెళ్ళాడు. అక్కడ ఆమె కోసం ఎదురు చూస్తున్న వాద్యకారులు దక్షిణాదికి చెందిన తెల్ల యువకులు: డ్రమ్స్ మీద రోజర్ హాకిన్స్, గిటార్లతో జిమ్మీ జాన్సన్, చిప్స్ మోమన్, బేస్ గిటార్‌తో టామీ కాగ్‌బిల్, కీబోర్డు దగ్గర స్పూనర్ ఓల్డ్‌హామ్. ఆమె పియానో ముందు కూర్చుని ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్’ పాడి వినిపించగానే గదిలో ఉన్నవారందరికీ తాము ఎవరి ఎదుట ఉన్నారో అర్థమైంది. అయినా ఆ పాటను ఎక్కడ పట్టుకోవాలో, ఏ నడకతో ఎత్తుకోవాలో మాత్రం చాలాసేపు ఎవరికీ తోచలేదు. అప్పుడు ఓల్డ్‌హామ్ తన వర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద ఒక చిన్న వరుస వాయించాడు. తడబడుతున్నట్టు, ఒక అడుగు వేసి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది ఆ వరుస. హాకిన్స్ వెంటనే దాన్ని అందుకున్నాడు. అక్కడి నుంచి పాట తయారు కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మీరు రికార్డు పెట్టుకుని మొదటి పది సెకన్లు మాత్రమే నాలుగైదుసార్లు వినండి. అరీథా ఇంకా నోరు విప్పకముందే ఆ పాట మనసు ఏమిటో ఆ ఎలక్ట్రిక్ పియానో చెప్పేస్తుంది.

ఆ రోజు అంత బాగా మొదలై గొడవతో ముగిసింది. ఆమె భర్త టెడ్ వైట్‌కూ, బాకా వాయించే బృందంలోని ఒకరికీ మాటా మాటా పెరిగింది. సర్దిచెబుదామని రాత్రి బసకు వెళ్ళిన రిక్ హాల్‌తో అది ఇంకా ముదిరింది. అరీథా ఆ ఊరు విడిచి వెళ్ళిపోయింది. వెక్స్లర్ చేతిలో పూర్తయిన పాట ఒక్కటి, సగంలో ఆగిన పాట మరొకటి మిగిలాయి. ఆయన వాద్యకారులను మార్చలేదు. అదే యువకులను న్యూయార్క్‌కు రప్పించాడు, అక్కడ ఆమె చెల్లెలు కారొలిన్, అక్క అర్మా వంత పాడారు, ఫిబ్రవరి 14న ‘రెస్పెక్ట్’ తయారైంది. 1965లో ఓటిస్ రెడింగ్ రాసి పాడినప్పుడు అది ఇంటికి వచ్చిన మగవాడు మర్యాద అడిగే పాట. అరీథా దాన్ని ఆడదాని నోట పెట్టి, ఆ మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి పాడింది. అలా అక్షరాలు విడగొట్టడం ఓటిస్ పాటలో లేదు. కింగ్ కర్టిస్ శాక్సొఫోన్ వాయించే భాగం కూడా కొత్తగా చేర్చినదే. మార్చిలో ఆల్బమ్ వచ్చింది, జూన్‌కల్లా ‘రెస్పెక్ట్’ అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

ప్రశ్న: మసిల్ షోల్స్ వాద్యకారులను ‘స్వాంపర్స్’ అంటారని చదివాను. వారిని ఇంకా ఏ రికార్డులలో వినవచ్చు?

జవాబు: 1969లో హాకిన్స్, జాన్సన్, బేస్ గిటార్ వాయించే డేవిడ్ హుడ్, కీబోర్డు వాయించే బ్యారీ బెకెట్ కలిసి ఫేమ్ నుంచి బయటికి వచ్చి, దగ్గరలోనే 3614 జాక్సన్ హైవే అనే చిరునామాలో సొంత స్టూడియో పెట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇంగ్లండ్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ అక్కడికి వచ్చి మూడు రోజులలో మూడు పాటలు రికార్డు చేసుకుని వెళ్ళారు. వాటిలో ‘బ్రౌన్ షుగర్’, ‘వైల్డ్ హార్సెస్’ 1971 నాటి ‘స్టికీ ఫింగర్స్’ ఆల్బమ్‌కు ప్రాణం లాంటివి. అయితే వాటిలో స్వాంపర్స్ వాయించలేదు. స్వాంపర్స్ పనితనం వినాలంటే 1972లో స్టేపుల్ సింగర్స్ పాడిన ‘ఐల్ టేక్ యూ దేర్’ వినండి. పాట మధ్యలో గొంతులన్నీ తగ్గి బేస్ గిటార్ ముందుకు వస్తుంది, అప్పుడు మేవిస్ స్టేపుల్స్ పాడుతూ పాడుతూనే వాయిస్తున్న డేవిడ్ హుడ్‌ను పేరు పెట్టి పిలుస్తుంది. పక్కవాద్యకారుడి పేరు అట్ట మీద వేయడానికే వెనుకాడిన కాలంలో, ఆ పేరు పాటలోనే ఉండిపోయింది.

ప్రశ్న: ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్ మొత్తం ఒక్క రోజులో పూర్తయిందంటారు. నిజమేనా, లేక అభిమానులు అల్లిన కథా?

జవాబు: చాలావరకు నిజం. మెంఫిస్ నగరంలో పాత సినిమా హాలును మార్చి కట్టిన స్టాక్స్ స్టూడియోలో 1965 జూలై 9 ఉదయం మొదలైన పని మరునాడు మధ్యాహ్నానికి ముగిసింది. మధ్యలో రాత్రిపూట వాద్యకారులు క్లబ్బులలో తమ రోజువారీ కచేరీలు చేసి మళ్ళీ వచ్చారు. పదకొండు పాటల్లో ‘ఐ హ్యావ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్’ అంతకుముందే విడుదలైన పాట, దాన్ని ఆల్బమ్ కోసం మళ్ళీ పాడారు. మూడు పాటలు శామ్ కుక్‌వి. ఆయన చనిపోయి అప్పటికి ఏడు నెలలే. ఓటిస్‌కు ఆయన గురువు లాంటివాడు, ఆ దుఃఖం వింటే తెలిసిపోతుంది.

ఒక రోజులో ఎలా సాధ్యమైంది అన్నదే అసలు ప్రశ్న. స్టీవ్ క్రాపర్ గిటార్, డక్ డన్ బేస్, అల్ జాక్సన్ డ్రమ్స్ ఏళ్ళ తరబడి రోజూ ఒకే గదిలో వాయిస్తూ వచ్చినవి. వారికి నోటితో చెప్పుకోవలసిన అవసరం తగ్గిపోయింది. ఓటిస్ బాకాల వరుసలను కాగితం మీద రాయించేవాడు కాదు, వాయించేవారి ముందు నిలబడి నోటితో పాడి చూపించేవాడు. అందుకే ఆ రికార్డులలో బాకాలు కూడా ఓటిస్ గొంతులాగే ఎగసి తెగుతుంటాయి. రోలింగ్ స్టోన్స్ పాట ‘శాటిస్‌ఫ్యాక్షన్’ అప్పటికి కొత్తది, ఓటిస్‌కు సరిగా తెలియదు కూడా. పాడితే బాగుంటుందని క్రాపర్ తెచ్చాడు. అసలు పాటలో గిటార్ వాయించిన వరుసను ఇక్కడ బాకాలు వాయించాయి. దాన్ని బాకాలే వాయించాలని తాను మొదట అనుకున్నానని స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ తరువాత చెప్పాడు.

ఓటిస్ 1967 డిసెంబర్ 10న విస్కాన్సిన్ రాష్ట్రంలో విమానం సరస్సులో కూలి మరణించాడు, అప్పటికి ఆయన వయసు 26. అదే విమానంలో ఆయనతో వాయించే బార్-కేస్ బృందంలోని నలుగురు కుర్రవాళ్ళు కూడా పోయారు; ఎక్కినవారిలో బాకా వాయించే బెన్ కాలీ ఒక్కడే బతికాడు. మూడు రోజుల ముందు ఓటిస్ చివరి మెరుగులు దిద్దిన ‘డాక్ ఆఫ్ ది బే’కు అలల చప్పుడు, సముద్రపు పక్షుల కూతలు చేర్చి పూర్తి చేసింది క్రాపరే. స్నేహితుడు పోయిన కొద్ది రోజులకే ఆ గొంతును మళ్ళీ మళ్ళీ వింటూ ఆయన ఆ పని చేశాడన్న ఎరుకతో వింటే, చివరి ఈల దగ్గర నాకు ఎప్పుడూ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

ప్రశ్న: మీరు తరచూ ‘బేస్ వినండి’ అంటారు. నాకు పాట వినిపిస్తుంది, మాటలు వినిపిస్తాయి, బేస్ మాత్రం విడిగా పట్టుబడటం లేదు. ఎలా వినాలి? ఎవరితో మొదలుపెట్టాలి?

జవాబు: జేమ్స్ జేమర్సన్‌తో మొదలుపెట్టండి, గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మొదటి పాటతో. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటిసారి మాటల కోసం, రెండోసారి కేవలం అడుగున నడిచే ఆ మంద్ర స్థాయి స్వరాల కోసం వినండి. వేరే పనేమీ పెట్టుకోవద్దు. బేస్ అంటే ఒకే స్వరాన్ని తాళానికి సరిగ్గా కొట్టడం అనుకునేవారికి ఆ రెండోసారి ఒక కొత్త తలుపు తెరుచుకుంటుంది: అక్కడ ఇంకొక మనిషి ఇంకొక పాట పాడుతున్నాడు, పైన పాడే గొంతుకు ఎక్కడా అడ్డు రాకుండా.

జేమర్సన్ దక్షిణ కరోలినాలో పుట్టి, 1954లో డెట్రాయిట్ చేరాడు. మొదట నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ నేర్చుకున్నాడు. తరువాత ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌కు మారినా పాత అలవాటు వదలలేదు: కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు. తోటివారు ఆ వేలికి ‘కొక్కెం’ అని పేరు పెట్టారు. 1962 నాటి ఆయన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు లావైన తీగలు ఉండేవి, తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదు. తీగలు ఆనే చోట, పైనున్న లోహపు మూత కింద ఒక స్పాంజి ముక్క ఉండేది; అందువల్ల ప్రతి స్వరమూ మోగుతూ సాగకుండా, దిండు మీద కొట్టినట్టు మెత్తగా పడి ఆగిపోతుంది. కొత్త తీగలతో, ఖరీదైన పరికరాలతో ఆ ధ్వని కోసం తంటాలు పడేవారిని చూసినప్పుడు నాకు ఆ స్పాంజి ముక్క గుర్తుకు వస్తుంది.

ఆయన పనిచేసింది బెర్రీ గోర్డీ 1959లో స్థాపించిన మోటౌన్ సంస్థలో. డెట్రాయిట్‌లో ఒక మామూలు ఇల్లు అది, వెనుక భాగంలో స్టూడియో. వైర్లు వేలాడే ఆ ఇరుకు గదిని వాద్యకారులు పాముల గొయ్యి అనేవారు. ఆ గొయ్యిలో కూర్చుని ‘ఫంక్ బ్రదర్స్’ అనే బృందం పగలూ రాత్రీ వాయించిన పాటలు 1960లలో పట్టికలలో మొదటి స్థానాలకు వరసగా ఎక్కాయి. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్ అనే పేర్లు ఇంటింటికీ తెలిశాయి. వెనుక వాయించిన వారి పేర్లు ఆల్బమ్‌ల అట్టల మీద ఉండేవి కావు. ఇది నాకు ఈనాటికీ మింగుడుపడని అన్యాయం.

‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాట పుట్టుక మోటౌన్ లోపలే జరిగినా మోటౌన్ పద్ధతికి విరుద్ధంగా జరిగింది. ఫోర్ టాప్స్ గాయకుడు ఓబీ బెన్సన్ 1969లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో యువకులను పోలీసులు కొట్టడం చూసి ఆ పాటకు అంకురం వేశాడు. అల్ క్లీవ్‌లాండ్ దాన్ని పెంచాడు. మార్విన్ దానికి తన ఇంటి బాధను జోడించాడు. ఆయన తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చాడు. ఆయనతో యుగళగీతాలు పాడిన టామీ టెరెల్ 1970 మార్చిలో మెదడులో కణితితో చనిపోయింది. పాట రికార్డయ్యాక గోర్డీకి అది నచ్చలేదు, విడుదలకు ఒప్పుకోలేదు. 1971 జనవరిలో ఎలాగో బయటికి వచ్చి విపరీతంగా అమ్ముడుపోయేసరికి, మిగతా ఆల్బమ్ త్వరగా కావాలన్నారు. మార్చి నెలలో కొద్ది రోజులలోనే అది రూపు దిద్దుకుని, మే 21న విడుదలైంది.

పాట మొదట్లో వినిపించే శాక్సొఫోన్ ఎలై ఫాంటేన్‌ది. అసలు వాయించే ముందు వాద్యాన్ని వేడెక్కించుకోవడానికి ఆయన ఊరికే వాయించుకున్నది అది. మార్విన్ దాన్నే ఉంచేసి, ఇక మీరు వెళ్ళవచ్చన్నాడు. మార్విన్ గొంతు రెండుగా, తనతో తానే మాట్లాడుకుంటున్నట్టు వినిపించడం కూడా యాదృచ్ఛికంగా జరిగిందే: రెండు వేరు వేరు ప్రయత్నాలను పోల్చి చూడమని ఇస్తే, రెండూ ఒకేసారి మోగాయి, ఆయనకు ఆ కలయిక నచ్చింది. జేమర్సన్ ఆ రాత్రి ఒక క్లబ్బులో వాయిస్తుంటే వెతికి తీసుకువచ్చారు. తాగి ఉండటం వల్ల బల్ల మీద నిటారుగా కూర్చోలేక, నేల మీద వెల్లకిలా పడుకుని, డేవిడ్ వాన్ డెపిట్ రాసి ఇచ్చిన స్వరాలను చూసి వాయించాడని అప్పుడు అక్కడున్నవారు తరువాత చెప్పారు. ఈ కథ చెప్పి నవ్వేవారు ఉన్నారు. నాకు నవ్వు రాదు. ఆ మద్యమే ఆయనను చివరికి తినేసింది. అయినా అంత స్థితిలోనూ ఆ వేలు ఒక్క స్వరం తప్పలేదంటే, ఎన్ని వేల గంటల సాధన ఆ వేలిలో ఇంకిపోయి ఉండాలి!

మోటౌన్ వాద్యకారుల పేర్లు అట్ట మీద అచ్చయింది ఆ ఆల్బమ్‌తోనే. అక్కడ జేమర్సన్ పేరు ముందు ‘సాటిలేని’ అనే విశేషణం కూడా ఉంది. మాటలో పొరపాటు లేకుండా చెప్పాలంటే ఆల్బమ్‌లో బేస్ అంతా ఆయనది కాదు; ‘మెర్సీ మెర్సీ మీ’, ‘ఇన్నర్ సిటీ బ్లూస్’ పాటల్లో వాయించింది బాబ్ బాబిట్, ఆయన పని కూడా తక్కువది కాదు. 1972లో మోటౌన్ లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయింది, ఫంక్ బ్రదర్స్ చెల్లాచెదురయ్యారు. 1983లో సంస్థ తన పాతికేళ్ళ పండుగను అట్టహాసంగా జరుపుకున్నప్పుడు, జేమర్సన్ టికెట్టు కొనుక్కుని బాల్కనీలో కూర్చుని చూశాడు. అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు. ఆయన బేస్ గిటార్‌ను అంతకు కొద్దికాలం ముందు ఎవరో దొంగిలించారు, అది మళ్ళీ దొరకలేదు.

ప్రశ్న: పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’లో ఒక పాటంతా మాటలు లేకుండా ఆలపించిన గాయని ఎవరు? ఆ తరువాత ఆమె ఏమైంది?

జవాబు: ఆమె క్లేర్ టోరీ. ఇంజనీరు అలన్ పార్సన్స్ సూచన మీద 1973 జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకు ఆమెను పిలిచారు. రిచర్డ్ రైట్ పియానో మీద కట్టిన బాణీ వినిపించి, ఇది మృత్యువు గురించి, మాటలేమీ లేవు అన్నారు. మొదట ఆమె ప్రేమగీతాలలో వచ్చే ఊతపదాలు వేసి పాడింది, అవి వద్దన్నారు. అప్పుడు తన గొంతును ఒక వాద్యం అనుకోవాలని ఆమెకు తోచింది. రెండు మూడు ప్రయత్నాలలో పని ముగిసింది. ఆదివారం కాబట్టి రెట్టింపు రేటు కట్టి 30 పౌండ్లు ఇచ్చారు. తను పాడింది వాడతారన్న నమ్మకం కూడా లేకుండా ఆమె ఇంటికి వెళ్ళింది, దుకాణంలో రికార్డు అట్ట మీద తన పేరు చూసేదాకా తెలియదు. ఆ రికార్డు అమెరికా పట్టికలో 1988 వరకు 741 వారాలు కనిపించింది. 2004లో ఆమె ఆ బాణీలో తనకూ వాటా ఉందని దావా వేసింది. మరుసటి ఏడాది కోర్టు బయట రాజీ కుదిరింది, అప్పటి నుంచి రైట్ పేరు పక్కన స్వరకర్తగా ఆమె పేరు కూడా అచ్చవుతోంది. ఆమె అడిగింది న్యాయమని నా అభిప్రాయం. ఆ గొంతు తీసేస్తే మిగిలేది అందమైన పియానో, అంతే.

ఈ ప్రశ్న చదివినప్పుడు నాకు మెరీ క్లేటన్ కూడా గుర్తుకు వచ్చింది. 1969లో లాస్ ఏంజిలిస్‌లో అర్ధరాత్రి వేళ నిద్రపోబోతున్న ఆమెను, నిండు గర్భిణిని, రోలింగ్ స్టోన్స్ పాట ‘గిమ్మీ షెల్టర్’ కోసం పిలిపించారు. జుట్టుకు రింగుల గొట్టాలు చుట్టుకుని ఉన్నట్టే వచ్చి పాడింది. మూడో నిమిషం దగ్గర పై స్థాయిలో ఆమె గొంతు ఒకసారి చిట్లుతుంది, వెనుక స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ ఆశ్చర్యంతో కేక వేయడం కూడా వినిపిస్తుంది. ‘లెట్ ఇట్ బ్లీడ్’ ఆల్బమ్ వచ్చినప్పుడు అట్ట మీద ఆమె పేరును తప్పుగా, ‘మేరీ’ అని అచ్చు వేశారు.

ప్రశ్న: పాత ఆల్బమ్‌లు మోనోలో వినాలా, స్టీరియోలోనా?

జవాబు: 1967 దాకా వచ్చినవాటికి వీలైతే మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చే రూపం; స్టీరియోలో ఎడమకూ కుడికీ వేరు వేరు ధ్వనులు వస్తాయి. బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’ మోనో మిశ్రమాన్ని వారాల తరబడి, బృందం దగ్గరుండి తయారు చేసుకుంది. స్టీరియోను కొద్ది రోజుల్లో ముగించారు. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ రెండింటిలోనూ వినండి, మోనోలో పాట కొంచెం వేగంగా, కొంచెం పై శ్రుతిలో ఉంటుంది. బీచ్ బాయ్స్ 1966 ఆల్బమ్ ‘పెట్ సౌండ్స్’ను బ్రయన్ విల్సన్ మోనోలోనే చేశాడు, ఆయనకు కుడి చెవి దాదాపు వినిపించేది కాదు, దాని అసలైన స్టీరియో రూపం 1997లో గాని రాలేదు. మోనో రికార్డునే యంత్రంతో చీల్చి స్టీరియో అని అమ్మిన పాత ముద్రణలు కొన్ని ఉన్నాయి, వాటి జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: పక్కవాద్యకారులు లేనిదే గొప్ప ఆల్బమ్ లేదన్నట్టు రాస్తుంటారు. మరి స్టీవీ వండర్ అన్నీ తానే వాయించుకున్నాడు కదా?

జవాబు: మంచి పట్టు పట్టారు. 1971లో 21 ఏళ్ళు నిండాక ఆయన మోటౌన్‌తో కొత్త ఒప్పందం చేసుకుని తన సంగీతం మీద పూర్తి అధికారం సంపాదించుకున్నాడు. ‘సూపర్‌స్టిషన్’లో డ్రమ్స్, క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డు, సింథసైజర్ మీద బేస్ అన్నీ ఆయనవే. ఆ డ్రమ్స్‌లో ఒక చిన్న ఊగిసలాట ఉంది, ఏ రెండు చరణాల్లోనూ ఒకేలా ఉండదు. పాటంతా తలలో ఉన్నవాడే అలా వాయించగలడు. ‘ఇన్నర్‌విజన్స్’లో ‘లివింగ్ ఫర్ ది సిటీ’ వాద్యాలన్నీ కూడా ఆయన చేతివే. నేను రాసే మాటకు ఇది ఎదురు నిలిచే ఉదాహరణే, కాదనను.

అయినా ఆ గదిలో ఆయన ఒంటరిగా లేడు. రాబర్ట్ మార్గులెఫ్, మాల్కమ్ సెసిల్ అనే ఇద్దరు ‘టోంటో’ అనే పేరుతో, గది గోడలంత ఎత్తున, వంపుగా అమర్చిన ఒక మహా సింథసైజర్‌ను నిర్మించారు. అందులోంచి స్టీవీ కోరిన ధ్వనిని రాబట్టడానికి మీటలు తిప్పింది, తీగలు కలిపింది వారే. 1972 నుంచి 1974 వరకు నాలుగు ఆల్బమ్‌లు అలా వచ్చాయి. ‘ఇన్నర్‌విజన్స్’కు ఉత్తమ రికార్డింగ్ గ్రామీ ఆ ఇద్దరికీ దక్కింది.

ఆ తరువాత స్టీవీ తానే మళ్ళీ మనుషుల దగ్గరికి వచ్చాడు. 1976 నాటి ‘సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్’ కోసం వందమందికి పైగా పనిచేశారు, వారిలో హెర్బీ హాన్‌కాక్, జార్జ్ బెన్సన్ లాంటి జాజ్ పెద్దలు కూడా ఉన్నారు. అందులో ‘సర్ డ్యూక్’ తీయండి. బాకాలు, నేథన్ వాట్స్ బేస్, మైకేల్ సెంబెల్లో గిటార్ అన్నీ కలిసి ఒకే సుడి తిరిగే వరుసను ఒక్క గొంతుతో వాయించే చోట, ఎవరైనా ఒకరు అర అడుగు వెనుకబడితే అంతా కూలిపోతుంది. రెండేళ్ళ ముందు చనిపోయిన జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ కోసం రాసిన పాట అది. స్టీవీ అందులో ఎల్లింగ్టన్‌ను తలచుకోవడంతో ఆగలేదు; బేసీ, మిల్లర్, శాచ్‌మో, ఎల్లా అని ఆ కాలపు జాజ్ కళాకారులను ఒక్కొక్కరినీ పేరు పేరునా పిలిచి పాడాడు.